క్రీమా, కొబ్బరినూనా, గొడుగా? వయసు మీదపడే ముఖానికి ఏది మేలు?

మాఘమాసంలో తిరుచానూరులో మా బంధువుల ఇంట ఒక ఉపనయనం జరిగింది. భోజనాల దగ్గర కొత్త చుట్టం ఒకావిడ మా అక్కను చూపించి, "మీ చెల్లెలా?" అని నన్ను అడిగింది. అక్కకు అరవై మూడు, నాకు యాభై ఎనిమిది. అక్క ఆ మాటను సాయంత్రం దాకా నలుగురికీ చెప్పి మురిసిపోయింది. నాకు మాత్రం పాయసం సహించలేదు. ముప్ఫై ఏళ్లుగా రోజూ ముఖానికి క్రీము రాసింది నేను. అక్కకు స్నానం తరువాత నాలుగు చుక్కల కొబ్బరినూనె తప్ప మరొకటి తెలియదు.

అయితే నా క్రీము ఇన్నేళ్లూ ఏం చేసినట్టు? కోపం తగ్గాక ఈ లెక్క తేల్చుకుందామని కూర్చున్నాను. ముప్ఫై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని, ఆ మాత్రం ఓపిక ఉంది.

ముఖం మీద వయసు రెండు చోట్ల పని చేస్తుంది. చర్మం పైపొర మిల్లీమీటరులో వందో వంతు, మహా అయితే యాభయ్యో వంతు మందం. అది ఇటుకల గోడ లాంటిది. ఇటుకలు మృతకణాలు, వాటి మధ్య సున్నం సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. వయసు పెరిగే కొద్దీ ఈ సున్నం పలచబడుతుంది. ముట్లు ఆగిపోయిన ఆడవారిలో చర్మపు నూనె కూడా తగ్గుతుంది. మగవారికి ఆ నూనె ఇంకా చాలా ఏళ్లు నిలుస్తుంది, అక్కడా వాళ్లదే పైచేయి. గోడ బీటలిస్తే లోపలి నీరు ఆవిరవుతుంది. ఎండిన చెరువు అడుగులా సన్నని గీతలు లేస్తాయి. మాయిశ్చరైజర్, అంటే తేమ నిలిపే క్రీము, ఈ గీతలను నిజంగానే చెరిపేస్తుంది. అందులోని గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, నూనెలూ వ్యాజలిన్ వంటివీ ఆ నీరు పోకుండా మూత వేస్తాయి. పైపొర ఉబ్బి నున్నబడుతుంది. గంటలోనే తేడా కనిపిస్తుంది.

రెండో చోటు ఆ పొరకు అడుగున ఉంది. అక్కడ కొల్లాజెన్ అనే తాళ్ల అల్లిక చర్మాన్ని బిగించి పట్టుకుంటుంది. అది తెగినప్పుడు పడే ముడతలు, ముక్కు పక్క నుంచి నోటి దాకా దిగే మడతలు, జారిన బుగ్గలు క్రీముకు అందవు. "కొల్లాజెన్ ఉన్న క్రీము" అని సీసా మీద రాసి ఉంటుంది చూశారా? 500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే లెక్క) దాటిన అణువు చర్మంలోకి దిగడం కష్టమని చర్మశాస్త్రంలో ఒక లెక్క ఉంది. కొల్లాజెన్ అణువు సుమారు మూడు లక్షల డాల్టన్లు. సూది బెజ్జంలో ఏనుగును దూర్చడమే. ఆ కొల్లాజెన్ పైపైన కూర్చుని నీటిని పట్టి ఉంచుతుంది, అంతే. ఆ పని గ్లిజరినూ చేస్తుంది.

చదివి ఊరుకోలేదు. నా ముఖం మీదే పరీక్ష పెట్టాను. ఆరు వారాల పాటు ఎడమ బుగ్గకు రోజూ రెండు పూటలా మామూలు క్రీము, కుడి బుగ్గకు ఏమీ లేదు. మా ఆయన ఆ ఆరు వారాలూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగారు, ఏమీ గమనించలేదు. అద్దం మాత్రం గమనించింది. ఎడమ కంటి కొసన ఉన్న సన్నని గీతలు తగ్గాయి, ఆ వైపు చర్మం పొట్టు లేవడం ఆగింది, ముట్టుకుంటే మెత్తగా ఉంది. నోటి పక్క మడతలు మాత్రం రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. తరువాత వారం రోజులు రెండు బుగ్గలకూ మానేశాను. రెండూ మళ్లీ ఒకటే అయ్యాయి. అంటే క్రీము ఇచ్చేది ఏ రోజుకు ఆ రోజు కూలి. దాచుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక అక్క కొబ్బరినూనె. దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. 2004లో ఫిలిప్పీన్సు వైద్యులు కాళ్ల చర్మం పొడిబారినవారికి రెండు వారాల పాటు కొబ్బరినూనె, మినరల్ ఆయిల్ రాయించి పోల్చి చూశారు. రెండూ సమానంగా పనిచేశాయి. కాకపోతే నూనె మూత మాత్రమే వేస్తుంది, నీటిని తెచ్చి పెట్టదు. కాబట్టి తడి ముఖం మీద రాస్తేనే లాభం. అక్క తెలిసో తెలియకో స్నానం కాగానే రాస్తుంది. మొటిమలు వచ్చే ముఖాలకు అది పడదు, రంధ్రాలు మూసుకుపోతాయి. పైగా నూనె ముఖంతో తిరుపతి వీధుల్లో ఒక్క చుట్టు తిరిగి వస్తే దుమ్మంతా మన దగ్గరే ఉంటుంది. ఆలివ్ నూనె మర్దన మంచిదని ఈమధ్య అందరూ చెబుతున్నారు. 2013లో ఇంగ్లండులో పరీక్షించి చూస్తే ఆలివ్ నూనె ఆ గోడను బలహీనపరిచింది, పొద్దుతిరుగుడు నూనె ఏ హానీ చేయలేదు. వంటింట్లో ఉన్నదే నయమన్నమాట.

శనగపిండి, ముల్తానీ మట్టి జిడ్డు ముఖాలకు సరే. యాభై దాటిన పొడి చర్మానికి అవి ఉన్న కాస్త నూనెనూ లాగేస్తాయి.

ఖరీదు సంగతికి వస్తే, మా అమ్మాయి కొనిచ్చిన క్రీము సీసా పద్దెనిమిది వందలు. మందుల షాపులో నేను కొనుక్కునేది దానిలో పదోవంతు కూడా ఉండదు. రెండింటి వెనుకా ఉన్న జాబితాలు పక్కపక్కన పెట్టి చదివాను. మొదట నీరు, తరువాత గ్లిజరిన్, తరువాత మైనపు జాతి పదార్థాలు. మొదటి నాలుగైదు పేర్లే సీసాలో ఎక్కువ భాగం. మిగతాది పరిమళమూ ప్రచారమూ. నీటిని ఆపడంలో ఇప్పటికీ వీటన్నిటికీ పెద్దన్న 1872లో అమెరికాలో పేటెంటు పొందిన వ్యాజలినే. మే నెలలో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటిన రోజున దాన్ని ముఖానికి పూసుకుని బతకలేమన్నది వేరే విషయం.

ఇంత చేసినా అక్క ముఖం నాకన్నా చిన్నదిగా ఎందుకుందో తేలలేదు. దాని సమాధానం సీసాల్లో లేదు, రోడ్డు మీద ఉంది. అక్క ఇల్లు గోవిందరాజస్వామి గుడి దగ్గరి పాత వీధిలో ఉంది, ఎండ చొరని మధ్యగది. బయటికి వస్తే చేతిలో నల్లగొడుగు. నాది రేణిగుంట దగ్గరి బడి. రేణిగుంట మాకు తూర్పు. పొద్దున స్కూటరు మీద వెళితే సూర్యుడు ఎదురు, సాయంత్రం తిరిగి వస్తుంటే మళ్లీ ఎదురు. మధ్యలో ప్రార్థన, ఆటల పీరియడ్. ఇరవై ఆరేళ్లు.

మా మరిది బస్సు డ్రైవరు. ఆయన కుడి బుగ్గ ఎడమ బుగ్గకన్నా నల్లగా, ముడతలు పడి ఉంటుంది, కుడివైపే కిటికీ కాబట్టి. 2012లో అమెరికాలో ఒక వైద్య పత్రిక ఇలాంటి ఫోటోనే వేసింది. ఇరవై ఎనిమిదేళ్లు సరుకుల బండి నడిపిన అరవై తొమ్మిదేళ్ల మనిషి అతను. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి ఎడమ చెంప మందంగా, చాళ్లు పడి ఉంది. రెండు చెంపలదీ ఒకే వయసు. మామూలు అద్దం ఎండలో మండించే యూవీబీ కిరణాలను చాలావరకు ఆపుతుంది, లోతుగా దిగి కొల్లాజెన్‌ను తెంపే యూవీఏ కిరణాలను అంతగా ఆపదు.

అసలు సాక్ష్యం ఆస్ట్రేలియాది. అక్కడి నంబూర్ అనే ఊళ్లో 1992 నుంచి 1996 దాకా 55 ఏళ్ల లోపు 903 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజూ సన్‌స్క్రీన్ రాసుకోవాలి, మరొక జట్టు తమకు తోచినట్టు చేయవచ్చు. నాలుగున్నరేళ్ల తరువాత అరచేతి వెనుక వైపు చర్మానికి అచ్చులు తీసి చూస్తే, రోజూ రాసినవారిలో చర్మం ముదిరిన తీరు 24 శాతం తక్కువ. వాడింది కూడా ఎస్‌పీఎఫ్ 15 రకమే (ఎస్‌పీఎఫ్ అంటే ఎండను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె). వయసు వేగాన్ని తగ్గించినట్టు ఇంత గట్టి రుజువు నా గ్లిజరిన్ క్రీముకు ఎక్కడా దొరకలేదు.

మన చర్మానికి ఇంకొక లెక్క ఉంది. తెల్లవారికన్నా మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి, మచ్చలు ముందు వస్తాయి. బుగ్గల మీద మంగు, కణతల దగ్గర నల్లదనం. మన వయసు చాటేది ఎక్కువగా అవే. తేమ వాటిని కదిలించలేదు. మామూలు వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేతరంగు సన్‌స్క్రీన్ మేలని నన్ను చూసే చర్మవైద్యురాలు చెప్పింది. "టీచరుగారూ, బఠాణీ గింజంత రాస్తే చాలదు, రెండు వేళ్ల పొడవునా పిండాలి" అని కూడా హెచ్చరించింది. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతం యూవీబీ కిరణాలను ఆపుతుందంటారు, కానీ అది అంత మందంగా రాసినప్పటి మాట. బయట తిరిగేటప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. నేను కచ్చితంగా రాస్తున్నానా? లేదు. అందుకే గొడుగు కూడా కొన్నాను.

లోపలి కొల్లాజెన్ మీద పనిచేసే పూత మందు ఒకటుంది, ట్రెటినాయిన్. సన్నని ముడతలకు దాన్ని అమెరికాలో 1995లో ఆమోదించారు. రాత్రిపూట రాయాలి, నెలలు పడుతుంది, మొదట్లో ముఖం ఎర్రబడి పొట్టు లేస్తుంది. గర్భిణులు వాడకూడదు. డాక్టరు చీటీ లేకుండా జోలికి పోకండి. దీన్ని వాడేవారికి మాయిశ్చరైజర్ తప్పనిసరి. మందుల షాపులో "రంగు వస్తుంది, మెరుపు వస్తుంది" అని చేతికిచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. వాటితో నెలలోనే ముఖం తేటబడుతుంది, తరువాత చర్మం పలచబడి రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి. వాటికన్నా ఏమీ రాయకపోవడం వెయ్యి రెట్లు మేలు.

నా తీర్పు ఇది. ఒక్కదానికే డబ్బు ఉంటే పగటి సన్‌స్క్రీన్ కొనండి. దాని అడుగు సరుకు కూడా క్రీమే కాబట్టి, కార్తీకపు ముసురు రోజుల్లో వేరే మాయిశ్చరైజర్ అక్కరలేదు. యాభై దాటాక రాత్రి ముఖం కడిగి, తడి ఆరకముందే చవక క్రీము రాసుకుంటే నిద్ర హాయిగా పడుతుంది. నేను దాన్ని మానను, మంట తగ్గుతుంది, దురద ఉండదు. ముడతల కోసం మాత్రం రాయను. కొబ్బరినూనె చేతులకూ కాళ్లకూ.

అక్క నిన్న ఫోను చేసింది. "ఆ పద్దెనిమిది వందల సీసా ఏం చేశావే?" అంది. సగం మిగిలి ఉందన్నాను. తీసుకురమ్మంది, పగిలిన మడమలకు రాసుకుంటుందట.