వరదకి ఐదు స్టార్లు, కరువుకి ఒకటి: విపత్తుల మోడల్ కిట్ రివ్యూ

మా పాపకి సోషల్‌లో ప్రకృతి వైపరీత్యాల పాఠం వచ్చింది, నోట్సులో మధ్యకి గీత గీసి ఇటు కారణాలు అటు ఫలితాలు రాసుకుని బట్టీ కొడుతుంటే చూడలేక ఆన్‌లైన్‌లో ఈ కిట్ పెట్టాను. బాక్స్ విప్పిన రోజే స్టార్లు కొట్టేసే అలవాటు నాకు లేదు, నెల వాడాక రాస్తున్నా.

లోపల ఒక పెద్ద ట్రే, ఇసుక సంచి, స్పాంజి పలకలు, నల్ల ప్లాస్టిక్ షీటు, వానలా పోయడానికి చిల్లుల డబ్బా, పన్నెండు బొమ్మ ఇళ్లు, కుదిపే పళ్లెం, ఒక చిన్న పుస్తకం. మూడు ఇళ్లకి కప్పుల్లేవు. సెల్లర్‌కి మెసేజ్ పెడితే చెక్ చేస్తున్నాం అన్నారు, ఇప్పటికీ చెక్ చేస్తూనే ఉన్నారు. పాప మాత్రం అవి తుఫానుకి కప్పులెగిరిపోయిన ఇళ్లని డిసైడ్ అయిపోయింది కాబట్టి గొడవ లేదు.

వరద భాగం మాత్రం సూపర్, అందులో మాటే లేదు. ట్రేని ఒకవైపు ఎత్తు పెట్టి వాలు మీద స్పాంజి పరిచి లీటరు నీళ్లు పోశాం, కాసేపు ఏమీ లేదు, తర్వాత కింద సన్నగా ధార మొదలైంది, ఇళ్ల పునాది తడిసిందంతే. స్పాంజి తీసి నల్ల షీటు పరిచి అదే లీటరు పోస్తే డబ్బా ఖాళీ అయ్యేలోపే రెండిళ్లు కొట్టుకుపోయాయి. ఒకే వాన కదా నాన్నా, మరి ఇదేంటి అంది. చెట్లు, గడ్డి, మెత్తటి నేల ఉన్నచోట నీరు ఇంకుతుంది, సిమెంటు, తారు పోసిన చోట అంతా ఒక్కసారే వాగులోకి దూకుతుంది అని పాఠంలో వంద సార్లు చదివినా రాని వెలుగు అప్పుడు వచ్చింది దాని ముఖంలో. మళ్లీ స్పాంజి పెట్టి వరసగా మూడు సార్లు పోస్తే మూడోసారి షీటుకీ స్పాంజికీ పెద్ద తేడా లేదు, అప్పటికే నిండా తాగేసి ఉంది మరి. ముసురు పట్టిన నాలుగో రోజు వానే ఎందుకు ముంచుతుందో దీంతో అర్థమైపోతుంది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు అని పుస్తకంలో ఇచ్చారు, ఆ లెక్కన 100 మిల్లీమీటర్లు పడితే ఒక్క చదరపు కిలోమీటరు మీద 10 కోట్ల లీటర్లు, నేను రెండు సార్లు లెక్క వేసుకున్నా నమ్మకం కుదరక.

తర్వాత కరకట్ట. ఇసుకతో గట్టు కట్టాం, పాప ఏం చేసిందంటే గట్టు కాస్త ఎత్తవగానే ఇళ్లన్నీ తెచ్చి దాని వెనకాలే పేర్చింది, గట్టు ఉందిగా అని. నేను చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు, తనంతట తనే పెట్టింది. మనుషులు చేసేదీ అచ్చం ఇదే. ఎక్కడో పుల్లంత సందు నుంచి నీరు ఊరడం మొదలైంది, చూస్తుండగానే గండి పడింది, గట్టు లేనప్పుడు రెండిళ్లు పోతే ఇప్పుడు తొమ్మిది పోయాయి. 2005లో కత్రినా తుఫాను అప్పుడు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో సుమారు 80 శాతం నగరం మునిగింది తుఫాను ఒక్కదాని వల్లే కాదు, గట్లూ వరద గోడలూ తెగడం వల్ల, కొన్ని గోడలైతే నీరు పైదాకా రాకముందే ఒరిగిపోయాయి.

కుదిపే పళ్లెం ఓకే. తడి ఇసుక మీద ఇల్లు పెట్టి ఊపితే ఇసుక జావలా అయ్యి ఇల్లు పక్కకి ఒరుగుతుంది, 1964లో జపాన్‌లో నీగాటా భూకంపానికి అపార్ట్‌మెంట్లు విరక్కుండానే ఇలా వాలిపోయాయి. కాకపోతే స్ప్రింగు నాలుగు రోజులకే వదులైంది.

పుస్తకంలో ఒక తప్పుంది, తీసుకునేవాళ్లు చూసుకోండి. వందేళ్ల వరద అంటే వందేళ్లకి ఒకసారి వచ్చేది అని రాశారు. కాదు, ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 1 శాతం అని. మేం వంద చీటీలు రాసి ఒకదాని మీద వరద అని పెట్టి, ఏడాదికొకటి అన్నట్టు తీస్తూ మళ్లీ డబ్బాలో వేస్తూ ఆడాం, తొమ్మిదో సారి వరద వచ్చింది, మళ్లీ పద్నాలుగో సారి! 30 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం దాదాపు 26 శాతం, మొన్నే వచ్చింది కదా ఇక మన జన్మలో రాదు అని అక్కడే ఇల్లు కట్టేవాళ్లకి ఈ డబ్బా ఇచ్చి ఆడించాలి.

ఇప్పుడు కరువు. ఇక్కడే నాకు మండింది. ఒక కార్డు ఇచ్చారు, ట్రేని మూడు రోజులు ఎండలో పెట్టి గమనించండి అని. ఏం గమనించాలి, ఇసుక ఎండింది, అంతే. కరువు అలా రాదు కదండీ. ముందు వాన మొహం చాటేస్తుంది, బెట్ట పడుతుంది, నేలలో పదును పోయి పైరు వాడుతుంది, తర్వాత చెరువు, ఆ తర్వాత బావులు, బోర్లు, పశువుల్ని అమ్ముకోవడం, అప్పు, వలస. ఇది ఫలానా రోజు మొదలైందని ఎవరూ చెప్పలేరు, వరదకైతే ఫోటో ఉంటుంది. పైగా కారణం దగ్గర వాన పడకపోవడం అని ఒక్క లైను రాసి వదిలేశారు. 1930ల్లో అమెరికా మైదానాల్లో దుమ్ము తుఫాన్లు లేచాయంటే వాన లేకపోవడంతో పాటు గోధుమ కోసం వేళ్లతో మట్టిని పట్టుకున్న గడ్డినంతా దున్నిపారేయడం కూడా కారణమే. 1943 బెంగాల్ కరువులో తిండి లభ్యత 1941 కంటే తక్కువేమీ కాదు, కొనే శక్తే పోయింది అని ఆర్థికవేత్త అమర్త్య సేన్ లెక్కలు తీసి వాదించారు. కరువు ఫలితాల్లో సగం ఎవరి చేతిలో ఏముంది అన్న దాని మీదే ఉంటుంది, దానికి ఈ ట్రేలో చోటే లేదు.

అయితే ఒక విషయం అనుకోకుండా దొరికింది. ఆ మూడు రోజుల ఎండకి స్పాంజి కూడా రాయిలా ఎండిపోయింది, కడుగుదామని నీళ్లు పోస్తే పీల్చదే, చుక్కలు ముత్యాల్లా దొర్లి కిందకి జారిపోయాయి, కొంచెం తడిగా ఉన్నదేమో పక్కనే చక్కగా తాగుతోంది. బాగా ఎండి పైన పెచ్చు కట్టిన నేల కూడా తొలి జడివానని ఇలాగే వదిలేస్తుంది, అందుకే కరువు వెనకే వరద. కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, తయారు చేసినవాళ్లకి మాత్రం తెలిసినట్టు లేదు. తెలిసుంటే పుస్తకంలో వాళ్లే బాక్స్ కట్టి ఇచ్చిన 7 శాతం మాట (గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అంత ఎక్కువ ఆవిరి పట్టగలదు) పక్కనే ఇదీ పెట్టేవాళ్లు, అదే గాలి నేలలోని తడినీ ఎక్కువ పీలుస్తుంది, కురిస్తే కుండపోతగా కురుస్తుంది.

తుఫాను పేజీలో గాలి వేగాలే తప్ప హెచ్చరికల గురించి ముక్క లేదు. 1970లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని కొట్టిన భోలా తుఫానుకి 3 లక్షల మందికి పైగా పోయారంటారు, అదే తీరంలో 2007లో సిద్ర్ తుఫాను కూడా భయంకరమైనదే అయినా చావులు వేలల్లో ఆగాయి, మధ్యలో వచ్చినవి షెల్టర్లు, ముందస్తు కబురు. ఫలితం అనేది గాలి వేగం ఒక్కటే తేల్చదని ఒక్క పేరా రాస్తే ఏం పోయింది.

మొత్తానికి వరదకి 5, భూకంపానికి 3, కరువుకి 1, స్పాంజి కోసం ఇంకో అర. పదేళ్లు దాటిన పిల్లలకి తీసుకోవచ్చు, పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. ఇసుక మాత్రం సింక్‌లో కడక్కండి, పైపు పూడిపోయి మా వంటింట్లో నీళ్లు మడమల దాకా వచ్చాయి, పాప పరిగెత్తుకెళ్లి ముందు ఆ కప్పుల్లేని మూడిళ్లని తీసి గట్టు మీద పెట్టింది.