కాశీలో తొమ్మిది నిద్రలు, ఒక పాత కెనానెట్

అమ్మకు కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని చాలాకాలంగా కోరిక. జనవరిలో కుదిరింది. నేను సంచిలో నా పాత ఫిల్మ్ కెమెరా కెనానెట్ క్యూఎల్17 జీ3, ఆరు రోల్స్ హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పెట్టుకున్నాను. 40 ఎంఎం లెన్సు, ఎఫ్1.7 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుని వెలుతురు ఎక్కువ వస్తుంది). ఫిల్మ్ స్పీడు, అంటే వెలుతురుని పట్టే శక్తి, 400 అయినా చీకట్లో తీయడానికి 1600 అనుకుని తీసి, ఆ లెక్కన ఎక్కువసేపు డెవలప్ చేయించాలని ప్లాన్.

మొదటి మూడు రాత్రులు కంటోన్మెంట్‌లో హోటల్. శుభ్రమైన గది, లిఫ్టు, వేడినీళ్లు. అమ్మకు హాయి. కానీ తెల్లవారుజామున నాలుగింటికి ఘాట్‌కి వెళ్లడానికి ఆటో దొరకలేదు. దాంతో కేదార్ ఘాట్ వెనక గెస్ట్‌హౌస్‌కి మారాం. గది ఇరుకు, మెట్లు నిటారు, గీజర్ రోజు విడిచి రోజు పనిచేసేది. అయినా అద్దె సగమే, గల్లీలో తెలుగు వినిపిస్తుంది. పక్కగదిలోని కాకినాడ పిన్నిగారితో కలిసి అమ్మ రోజూ గంగాస్నానానికి వెళ్లేది. ఫోటోల కోసమైతే ఘాట్ దగ్గరే దిగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే కింది అంతస్తులో గది ఉందేమో ముందే అడగండి.

దశాశ్వమేధ ఘాట్ సాయంత్రం హారతి తప్పకుండా చూడాలి. ఫ్లడ్‌లైట్ల వల్ల వెలుతురుకి లోటు లేదు. ఎఫ్2.8, షటర్ సెకనులో 125వ వంతు తెరిస్తే సరిపోయింది. కానీ ఆ జనంలో దగ్గరికి వెళ్లలేం, ఈ లెన్సుకి అర్చకులు చాలా చిన్నగా పడతారు. నాకైతే అస్సీ ఘాట్‌లో తెల్లవారుజామున జరిగే సుబహ్-ఎ-బనారస్ కార్యక్రమం నచ్చింది. చీకటి ఉండగానే హారతి, తర్వాత శాస్త్రీయ సంగీతం. మూడు మీటర్ల దూరంలో నిలబడి తీయగలిగాను.

అసలు ఆనందం మాత్రం రాత్రి గల్లీల్లోనే. ఒక్క బల్బు, కాగుతున్న పాలు, గోడకి ఆనుకున్న ఆవు. వ్యూఫైండర్ మధ్యలో పసుపు మచ్చలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది, రెండూ కలిస్తే ఫోకస్ కుదిరినట్టు. చీకట్లో ముఖం మీద అది తెలియదు. కళ్లజోడు అంచు, గ్లాసు అంచు, బల్బు తీగ లాంటి మెరిసే గీత పట్టుకోవాలి. రెండు మీటర్ల దూరంలో ఎఫ్1.7 దగ్గర స్పష్టంగా వచ్చేది పావు మీటరే, కాబట్టి తొందర పడకూడదు. లోపల ఎగిరే అద్దం లేదు గనుక కుదుపు తక్కువ. గోడకి భుజం ఆనించి, ఊపిరి వదిలాక నొక్కితే 15వ వంతు సెకనులో కూడా బాగా వచ్చాయి. క్లిక్ శబ్దం చాయ్ కాచే అతనికి వినపడనే లేదు.

వెలుతురు కొలిచే కెమెరా మీటరులో ఫిల్మ్ స్పీడు స్కేలు 800 దగ్గరే ఆగుతుంది, అన్నీ మనమే సెట్ చేసుకునే మాన్యువల్ పద్ధతిలో మీటరు పనిచేయదు. దానికి వాడే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు రావు. షటర్‌కి బ్యాటరీ అక్కర్లేదు కాబట్టి ఫోన్‌లో లైట్‌మీటర్ యాప్ చూసుకుని నేనే సెట్ చేశాను.

శవదహనాలు జరిగే మణికర్ణిక ఘాట్ దగ్గర కెమెరా బయటికి తీయకండి, అక్కడ ఉన్నది దుఃఖంలో ఉన్నవాళ్లు. విశ్వనాథుడి గుడిలోకి కెమెరా, ఫోన్ రెండూ రానివ్వరు. లాకర్‌లో పెట్టేకంటే గదిలో వదిలి వెళ్లడమే నయం.

తిరిగొచ్చాక బాధ కలిగింది ఒక ల్యాబ్ వల్ల. 1600 అని చెప్పినా మూడు రోల్స్ మామూలు 400 లెక్కన కడిగారు. నెగటివ్‌లు పల్చగా వచ్చి, అస్సీ ఘాట్ గాయని ముఖం చీకట్లో కలిసిపోయింది. మిగతా మూడింటికి ఒక్కో డబ్బా మీద మార్కర్‌తో 1600 అని రాసి వేరే ల్యాబ్‌కి పంపాను. అవి చక్కగా వచ్చాయి. వాటిలో కేదార్ ఘాట్ మెట్ల మీద అమ్మ దీపం వదులుతున్న ఫోటో ఉంది. ఎఫ్1.7, 30వ వంతు సెకను. వేళ్ల మీద గంగ తడి కూడా కనిపిస్తోంది.