గర్భసంచిల అతుకులు తీయించుకున్నంక మామూలుగ ట్రై చేసుడు మేలా, సీదా ఐవీఎఫ్ మేలా?

హన్మకొండ, కరీంనగర్ దిక్కు అక్కాచెల్లెండ్లు ఊకె అడిగేది ఇదే, ఆషర్మన్ (గర్భసంచి లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కపోవుడు) ఆపరేషన్ అయింది, ఇగ టైం వేస్ట్ ఎందుకు, సీదా ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి) పోదామా అని. నేనైతే మామూలుగ ట్రై చేసుడే ముందు పెడ్త. కానీ ఈ రెండింటికన్నా ముందు తేలాల్సింది ఇంకోటుంది: లోపల మళ్ల అతుక్కున్నదా లేదా.

అతుకులు కత్తిరించిన జాగ పచ్చిపుండే కదా, మానేటప్పుడు ఎదురెదురు గోడలు మళ్ల అంటుకుంటయి, అందుకే బెలూన్ పెడ్తరు, జెల్ వేస్తరు, ఈస్ట్రోజన్ గోలీలిస్తరు, అయినా ముదిరిన కేసులల్ల మళ్ల వచ్చుడు కామనే. ఒకటి రెండు నెలలకు ఇంకోసారి హిస్టెరోస్కోపీ (సంచి లోపలికి సన్న కెమెరా పెట్టి చూసుడు) చేస్తే కొత్తగ వచ్చిన పల్చటి అతుకులు అలకగ విడిపోతయి. "నెలసరి మంచిగనే వస్తుంది కదా, మళ్ల మత్తెందుకు, పైసలెందుకు" అని ఇంట్ల అంటరు, గానీ బ్లీడింగ్ మంచిగైనా ఓ మూలకు అతుకు ఉండొచ్చు. నేను అది చూపించుకున్నంకనే ట్రై మొదలువెట్టిన.

క్లియర్ ఉండి, ట్యూబులు తెరుచుకొని, ఆయన వీర్యం రిపోర్ట్ బాగుండి, వయసు 35 లోపైతే ఆర్నెల్లు మామూలుగనే చూడుండ్రి. ఇక్కడ చెడింది అండాలు కాదు, సంచి లోపలి పొర. ఐవీఎఫ్‌ల పిండం తయారైతది గానీ పొర బాగుపడదు, అది 7 మిల్లీమీటర్లు కూడ లేకుంటే మంచి పిండం పెట్టినా నిలిచే ఛాన్స్ తగ్గుతది, లక్షలు పోసినంక తెలుసుకునుడెందుకు? వయసు దాటుతున్నా, ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలినయో చెప్పే రక్తపరీక్ష) తక్కువున్నా, ట్యూబులు మూసుకున్నా మాత్రం ఐవీఎఫ్ లేట్ చేయొద్దు, పిండాలు ఫ్రీజ్ చేయించి పొర మానినంక వేయించుకోవచ్చు.

ఐయూఐ (వీర్యం సీదా సంచిలకు ఎక్కించుడు) అంటరా, ఆయన వీర్యకణాల కౌంట్ జర తక్కువుంటే సరే. సరోగసీ (ఇంకో ఆమె కడుపుల బిడ్డను మోయించుడు) ఆఖరుకు, అది కూడ 2021 చట్టం వచ్చినంక పైసలిచ్చి చేయించుకునుడు బంద్.

డీఎన్‌సీ (సంచి లోపల గీకి శుభ్రం చేసుడు) వల్ల కాకుండ టీబీ వల్ల వచ్చిన అతుకులైతే లెక్కే వేరు, ముందు టీబీ మందులు పూర్తిగ వాడాలె, పొర బాగ దెబ్బతింటే రెండు దారులూ కష్టమే.

ఎట్ల కడుపు నిలిచినా మాయ మీద కన్నుండాలె. సంచి గోడలకు పాతుకుపోవచ్చు, కిందికి ఉండొచ్చు, కాన్పైనంక ఊడకపోవచ్చు. అందుకని స్కాన్ చేసేటోళ్లకు పాత ఆపరేషన్ సంగతి మీరే చెప్పుండ్రి, కాన్పు మాత్రం బ్లడ్ బ్యాంక్ ఉన్న పెద్ద దవాఖానలనే. ములుగు, భూపాలపల్లి దిక్కోళ్లు నొప్పులొచ్చినంక బయలెల్లుడు కాదు, డేట్ కన్నా ముందే వరంగల్ల చుట్టాలింట్లకు వచ్చి ఉండుండ్రి.