తెలుగు స్టాంపులు, ఇంక్ ప్యాడ్ల కిట్ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇంట్లో గ్రీటింగ్ కార్డులు చేసుకునేవాళ్లు, ముఖ్యంగా ఈమధ్యే మొదలుపెట్టినవాళ్లు, ఓ పది నిమిషాలు తీరిక చేసుకుని ఇది చదవండి. ‘కార్డ్ మేకింగ్ ఫుల్ కిట్’ అని వీడియోల్లో చూపించి అమ్మే సరుకు తెప్పించుకుని నేను 2,450 రూపాయలు, మూడు వారాల కష్టం, ఒప్పుకున్న ఆర్డరులో దాదాపు సగం పోగొట్టుకున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. పేరు తెలియకపోయినా అలాంటి సరుకును మీరే గుర్తుపట్టొచ్చు. ఎలాగో చెబుతాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాలుగేళ్లుగా కార్డులు చేస్తున్నాను. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు తెలిసినవాళ్లు అడిగితే చేసిస్తాను. మొన్న నవంబరులో గుణదలలో ఉండే ఒక ఆంటీ క్రిస్మస్‌కి 40 కార్డులు కావాలన్నారు. కార్డు మీద గుణదల కొండ, పైన శిలువ, రాత్రి ఆకాశం, కింద తెలుగులో ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అని ఉండాలన్నారు. ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కొండకు స్టాంపు కూడా అక్కర్లేదు. ఒక కాగితాన్ని చేత్తో వంకరగా చింపి, ఆ చింపిన అంచును కార్డు మీద పెట్టి, పక్కనుంచి స్పాంజితో ఇంకు అద్దితే కొండ వాలు దానంతట అదే వచ్చేస్తుంది. కాగితాన్ని కొంచెం కిందకు జరిపి మరో ముదురు రంగు అద్దితే ముందున్న కొండ వస్తుంది. చుక్కల చోట చిన్న కాగితం ముక్కలు అంటించి ఆకాశం రంగు వేస్తే, తీశాక అక్కడ తెల్లగా మెరుస్తాయి. ఇంత తేలికైన పద్ధతిలో ఇంత అందమైన కార్డు వస్తుందంటే చేసేటప్పుడు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది నాకు.

ఎటొచ్చీ తెలుగు అక్షరాల స్టాంపులే దొరకవు. బీసెంట్ రోడ్డులో, ఏలూరు రోడ్డులో అడిగాను. ఉన్నవన్నీ ఇంగ్లీషువే. సరిగ్గా అప్పుడే ఆ వీడియో కంటపడింది. 12 ఇంక్ ప్యాడ్లు, మూడు షీట్ల స్టాంపులు (అందులో ఒకటి పూర్తిగా తెలుగు), స్టాంపు అంటించుకునే పారదర్శకమైన బ్లాకు, ఆరు స్పాంజి ముక్కలు, 300 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క, కింద వివరిస్తాను) కార్డు షీట్లు 20. వీడియోలో చెయ్యి చకచకా ఆడుతోంది, ముద్రలు అచ్చు వేసినట్టు పడుతున్నాయి, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. యూపీఐలో డబ్బు పంపాను. ఆరో రోజున పార్సిల్ వచ్చింది.

విప్పగానే ఒక అనుమానం వచ్చింది కానీ పట్టించుకోలేదు. ప్యాడ్ల మీద కంపెనీ పేరు లేదు. ఎవరు తయారుచేశారో, ఎవరు దిగుమతి చేశారో, ఏ నెలలో తయారైందో, ఎమ్మార్పీ ఎంతో ఏమీ లేవు. ప్యాకెట్‌లో అమ్మే సరుకు మీద ఇవన్నీ ఉండాలని నిబంధన. రెండు ప్యాడ్ల మూతల మీద లేబుల్ గీకేసిన గుర్తులు కనిపించాయి. వీడియోలో చూపించిన ప్యాడ్లు వేరు, నాకు వచ్చినవి వేరు. ఆ నిమిషంలోనే ఫొటోలు తీసి వెనక్కి పంపి ఉంటే ఈ కథే లేదు. మీరు మాత్రం పార్సిల్ విప్పేటప్పుడే ఫోనులో వీడియో తీసుకోండి. ఇది తప్పనిసరి.

ఇక పనిలో దిగాక జరిగింది చెబుతాను. ముందు నల్ల ఇంకుతో ముద్ర వేసి, ఆరాక దాని మీదుగా నీలం అద్దాలి. నల్లది ‘వాటర్‌ప్రూఫ్, చెదరదు’ అని వాళ్లు రాశారు. అరగంట ఆగి స్పాంజి పెట్టాను. నలుపు పాకి ఆకాశమంతా మురికి పట్టినట్టు అయిపోయింది. రాత్రంతా ఆరబెట్టి చూశాను. తెల్లారి కూడా అదే పరిస్థితి. స్టాంపు ముద్ర అయితే మధ్య మధ్యలో చుక్కలు చుక్కలుగా, తామరాకు మీద నీళ్లలా ఇంకు ముడుచుకుపోయి పడుతోంది. కాగితం మీద నాలుగుసార్లు స్పాంజి తిప్పేసరికి పైపొర నూగులా లేచి ఉండలు కడుతోంది.

వాళ్లకు ఫొటోలు పంపాను. వచ్చిన జవాబు: “మేడమ్, స్పాంజింగ్‌కి చెయ్యి తిరగాలి. మీరు గట్టిగా నొక్కుతున్నారు. ప్రాక్టీస్ చేయండి.”

ఈ ఒక్క మాట వల్లే నేను ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నాలుగేళ్ల అనుభవం ఉన్న నేనే ఆ మాట నమ్మేశాను. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని ప్రాక్టీస్ చేశాను. స్పాంజిని ముందు పక్కనున్న వృథా కాగితం మీద తిప్పి, అక్కడి నుంచి కార్డు అంచు మీదకు గుండ్రంగా, తేలిగ్గా తెస్తూ, నిదానంగా లోపలికి వెళ్లాలి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. ఇవన్నీ నాకు తెలిసినవే, ఎప్పుడూ చేసేవే. అయినా నా చేతిలోనే ఏదో లోపం ఉందని రెండు వారాలు దిగులు పెట్టుకున్నాను. నాకే ఇలా ఉంటే, మొదటిసారి కిట్ కొనుక్కుని సరదాగా మొదలుపెట్టే ఒక ఇంటర్ పిల్ల పరిస్థితి ఏమిటి? ‘నాకు ఈ పని రాదు’ అనుకుని డబ్బా మూసేసి అటక మీద పెట్టేస్తుంది. డబ్బు పోవడం కన్నా అది నాకు ఎక్కువ బాధ.

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని ఉంటుంది. రబ్బరు స్టాంపులతో బట్టల మీద, కాగితాల మీద అచ్చులు వేయడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. ఒక ఆదివారం కిట్ మొత్తం పట్టుకుని వెళ్లాను. పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనకుండా నాలుగు కాగితాలు ముందు పెట్టింది. వాళ్ల ఇంకుతో తన స్టాంపు, తన ఇంకుతో వాళ్ల స్టాంపు. వాళ్ల కాగితం మీద తన ఇంకు, తన కాగితం మీద వాళ్ల ఇంకు. అన్నీ నా చేతే వేయించింది. తన ఇంకు, తన స్టాంపు, తన కాగితం కలిసిన చోట నా ముద్ర నిక్కచ్చిగా పడింది, నీలం మబ్బులా కలిసింది. వాళ్ల వస్తువు ఏది చేరినా చెడింది. “నీ చెయ్యి బంగారం లాంటిదే అమ్మాయీ, సరుకే నాసిది” అంది. అప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

కాబట్టి మీకు ఇలాంటి అనుమానం వస్తే ముందు చేయాల్సింది ఇదే. తెలిసినవాళ్ల దగ్గర మంచి ప్యాడ్ ఒకటి, మంచి కాగితం ఒకటి అడిగి తీసుకుని ఒక్కొక్కటీ మార్చి చూడండి. లోపం ఎక్కడుందో అరగంటలో తేలిపోతుంది.

ఆ రోజు పిన్ని చెప్పినవీ, తర్వాత నేను పరీక్షించి చూసినవీ రాస్తున్నాను. ఇంకుల్లో ప్రధానంగా రెండు రకాలు. డై ఇంకు కాగితంలోకి ఇంకిపోయి త్వరగా ఆరుతుంది. పిగ్మెంట్ ఇంకు చిక్కగా ఉండి కాగితం పైన నిలుస్తుంది, నిదానంగా ఆరుతుంది, నిగనిగలాడే కాగితం మీద అసలు ఆరకపోవచ్చు కూడా. ఎంబాసింగ్ పౌడర్ (వేడికి కరిగి ఉబ్బే పొడి) చల్లి హీట్ గన్‌తో, అంటే వేడిగాలి ఊదే పరికరంతో, ఉబ్బించాలంటే ఆ నిదానమే మనకు కావాలి. డై ఇంకులన్నీ నీళ్లకు ఆగుతాయని లేదు. కొన్నిటిని నీళ్లు తగిలితే కరిగేలా కావాలనే చేస్తారు. అంటే ఏ పనికి ఏ ఇంకో తెలియాలి. అమ్మేవాళ్లు ‘ప్రీమియం ఇంక్’ అంటే అది రకం కాదు. డై ఇంకా, పిగ్మెంటా, నీళ్లకు ఆగుతుందా అని సూటిగా అడగండి. నేను అడిగినప్పుడు వాళ్లు “అన్నింటికీ పనికొస్తుంది మేడమ్” అన్నారు. ఆ జవాబు వస్తే కొనకండి. నల్ల ఇంకు పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ముద్ర వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున తడి దూది పుల్లతో ఒకసారి రుద్దండి. దూదికి నలుపు అంటుకుంటే అది వాటర్‌ప్రూఫ్ కాదు.

స్టాంపుల విషయంలో న్యాయంగా ఒక మాట చెప్పాలి. మంచి క్లియర్ (పారదర్శకమైన) స్టాంపు కూడా కొత్తలో ఒకటి రెండుసార్లు ఇంకును సరిగా పట్టదు. తయారీలో అంటిన పొర పైన ఉంటుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే పోతుంది. నేనూ అలా రుద్దాను, ఒకసారి కాదు, ఐదారుసార్లు. ఫొటోపాలిమర్ అనే ప్లాస్టిక్ రకంతో చేసిన మంచి స్టాంపు అయితే దారికి వస్తుంది. నాకు వచ్చిన నాసిరకం సిలికాన్‌వి దారికి రాలేదు.

కాగితం సంగతి ఇంకా సులువు. ఇది మా వీధిలో కిరాణా షాపు తరాజు మీదే తేలిపోయింది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 16 ఏ4 షీట్లు కలిస్తే దాదాపు సరిగ్గా ఒక చదరపు మీటరు. అంటే 16 ఏ4 షీట్లు తూచి ఎన్ని గ్రాములు వస్తే అదే జీఎస్ఎం. 300 అని అమ్మిన నా కాగితం 16 షీట్లు 190 గ్రాములు తూగింది. ఇందులో చెయ్యి తిరగడం, తిరగకపోవడం అనే ప్రశ్నే లేదు కదా! తూకం యంత్రం మీద కాగితాలు, అంకె కనపడేలా ఫొటో తీసి పెట్టుకున్నాను. నా ఫిర్యాదులో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అదే.

ఇక నేను ఆశపడి కొన్న తెలుగు స్టాంపు. ‘శుభాకాంక్షలు’లో ‘క్ష’ విడిపోయి, పొల్లు పెట్టిన ‘క్’ ఒకటి, పక్కన ‘ష’ ఒకటి వచ్చాయి. ‘క్రిస్మస్’లో ‘స్మ’ కూడా అంతే, మకార ఒత్తు కిందకు రాకుండా మామూలు ‘మ’గా పక్కన నిలబడింది. తెలుగు ఒత్తులను సరిగా చూపించలేని సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు పేర్చి, తెలుగు వచ్చిన మనిషికి ఒక్కసారైనా చూపించకుండా అచ్చు తీశారన్నమాట. స్టాంపు మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటాయి కాబట్టి ప్యాకెట్‌లో చూస్తే తప్పు తేలిగ్గా కనపడదు. తెలుగు స్టాంపు కొనేటప్పుడు స్టాంపు ఫొటో కాదు, కాగితం మీద వేసిన ముద్ర ఫొటో అడగండి. ప్రతి ఒత్తు, ప్రతి దీర్ఘం చదివి చూసుకోండి. మన భాషలో ఒక పండగ మాట రాసి ఇచ్చే కార్డు మీద అక్షరం విరిగిపోతే ఎలా ఇస్తాం?

చివరికి మన ఊళ్లోనే, ఆఫీసు ముద్రలు చేసే రబ్బరు స్టాంపుల షాపులో ఆ రెండు మాటలు చేయించుకున్నాను. నేను టైప్ చేసి ఇచ్చిన అక్షరాలనే తీసుకున్నారు, ముందు కాగితం మీద ముద్ర వేసి చూపించారు, మర్నాడు ఇచ్చారు. ఈ పని మొదటే చేసి ఉండాల్సింది. తెలుగు మాటలు కావాలంటే మీరూ అలాగే చేయించుకోండి.

అప్పటికి సమయం అయిపోయింది. 40లో 22 కార్డులే ఇవ్వగలిగాను, అవీ పిన్ని ఇంకులతో, విడిగా కొన్న కాగితం మీద. ఆంటీ ఏమీ అనలేదు, మిగిలిన వాళ్లకు ఫోన్ చేస్తాలే అన్నారు. నేను కాగితం ఖర్చు మాత్రమే తీసుకున్నాను.

డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే, “వాడిన సరుకు వాపసు లేదు, మా పేజీలో రాసే ఉంది” అన్నారు. తర్వాత నన్ను బ్లాక్ చేశారు. ఆ ‘వాపసు లేదు’ అన్న మాట చూసి చాలామంది అక్కడితో వదిలేస్తారు. వదలకండి. వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. నేను చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. కొన్న విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. రెండేళ్ల గడువు ఉంటుంది. వాళ్ల వీడియో లింకు, స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, చాటింగ్ మొత్తం ముందే దాచుకోండి. నన్ను బ్లాక్ చేశాక ఆ వీడియో నాకు కనపడలేదు. పిన్ని ఫోనులో తెరిచి రికార్డు చేసుకోవాల్సి వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒకేసారి పన్నెండు రంగులు కొనకండి. నలుపు ఒకటి, నీలం ఒకటి, పసుపు ఒకటి, పేరున్న కంపెనీవి, చిన్న సైజు ప్యాడ్లు చాలు. నీలం, పసుపు కలిసే చోట ఆకుపచ్చ ఎలాగూ వస్తుంది. మొదట్లో ఖరీదైన టూల్ ఏదీ అక్కర్లేదు, మేకప్‌కి వాడే స్పాంజిని ముక్కలు కోసి రంగుకు ఒకటి పెట్టుకుంటే పని జరుగుతుంది.

ఈ మధ్య ఇలాంటి కిట్ మీ ఇంటికీ వచ్చి ఉంటే, అందులోని ఏ4 షీట్లు 16 లెక్కపెట్టి తూచి ఎన్ని గ్రాములు వచ్చాయో, అమ్మినవాళ్లు ఎంత అని చెప్పారో కింద రాయండి. తూకం కనపడే ఫొటో కూడా పెట్టండి. ఒకే చోటి నుంచి కొన్నవాళ్లం నలుగురైదుగురం తేలితే, అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం. కాగితాలు సిద్ధం చేయడం నేను చూసుకుంటాను.