కారులో పెట్టుకునే గాలి పంపు: ఎనిమిది నెలలు వాడాక

మాది హైదరాబాద్, అమ్మావాళ్లు ఉండేది విజయవాడ. నెలకు రెండుసార్లైనా 65వ నంబర్ జాతీయ రహదారి మీద కారులో వెళ్లొస్తుంటాను. మొన్న సంక్రాంతికి ముందు ఆన్‌లైన్‌లో 2,200 పెట్టి ఒక గాలి పంపు కొన్నాను. సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్ పెట్టి టైర్లకు గాలి కొట్టుకునే రకం, దానికి వేరే బ్యాటరీ ఉండదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే డిజైన్ చాలా పేర్లతో అమ్ముతున్నారు, కొనే ముందు చూసుకోవాల్సినవి అన్నిటికీ ఒకటే.

పంక్చర్ అయితే పనికొస్తుందని కొన్నాను గానీ, ఇన్ని నెలల్లో దాని అసలు ఉపయోగం ఇంటి పార్కింగ్‌లోనే తెలిసింది. టైరు గాలి చూడాల్సింది బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. డ్రైవర్ డోరు తీస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది కదా, దాని మీద రాసిన పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి అంకె) చల్లని టైరుకే. నాలుగైదు కిలోమీటర్లు నడిపి బంకుకు వెళ్లేసరికి టైరు వేడెక్కి రీడింగ్ పెరిగిపోతుంది. 33 కనిపిస్తే సరిపోయిందనుకుంటాం, నిజానికి తక్కువే ఉంటుంది. పైగా చాలా బంకుల్లో మన బండికి ఎంత కావాలో అడగకుండానే అందరికీ ఒకే లెక్క కొట్టేస్తారు.

మేలో జరిగింది చెప్తాను. పిల్లలకు సెలవులు, మా బావమరిది కూడా మాతో వస్తున్నాడు, ఏడు సీట్ల బండిలో మనుషులు సామాను కలిపి నిండిపోయింది. ఎండ ఎక్కకముందే సూర్యాపేట దాటేయాలని తెల్లవారుజామున నాలుగున్నరకే రెడీ అయ్యాం. టార్చి పట్టుకుని ఒక్కో టైరూ చూస్తుంటే మూడింటిలో 32, 33, 32 ఉంది, ఎడమ వెనక టైరులో మాత్రం 24. కంటితో చూస్తే ఏ తేడా లేదు, కాలితో తన్నినా గట్టిగానే ఉంది. "గాలి కొట్టేసి పోదాం బావా, చౌటుప్పల్‌లో చూపిద్దాం" అన్నాడు మా బావమరిది. 33 దాకా కొట్టాను, ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 31. ఇక కదలకూడదని నిర్ణయించుకుని, పంక్చర్ షాపు తెరిచేదాకా ఏడు వరకు ఇంట్లోనే కూర్చున్నాం. పిల్లలు విసుక్కున్నారు, అయినా సరే.

షాపులో పెద్దాయన టైరు తిప్పి మేకు చూపించాడు. అది తీసి రంధ్రం మూసే రబ్బరు స్ట్రిప్ పెట్టడానికి ఆయనకు పది నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత టైరు పక్కభాగం మీద వేలు పెట్టి "సార్, మేకు సంగతి సరే, ఇది చూడండి" అన్నాడు. వెంట్రుక మందాన చీలికలు, చుట్టూరా. పక్కనే కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు, 1817. అంటే 2017లో 18వ వారం తయారైన టైరు. బండి నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు టైర్ల పైన అరుగుదల ఎంతుందో చూశాను గానీ, ఈ అంకెలు చూడాలని నాకెవరూ చెప్పలేదు. మీరూ ఇవాళే కిందికి దిగి చూడండి, వెతకడానికి రెండు నిమిషాలు చాలు. బయటి వైపు ఈ అంకెలు లేకపోతే లోపలి వైపు ఉంటాయి.

గాలి తక్కువైతే ఏమవుతుందో చాలామంది మైలేజీ లెక్కలోనే చెప్తారు. నా భయం అది కాదు. గాలి తక్కువున్న టైరు తిరిగిన ప్రతిసారీ పక్కభాగం ఎక్కువ వంగి లేస్తుంది, ఆ వంగుడికే లోపల వేడి పుడుతుంది. నిండా మనుషులు, 100 స్పీడు, మే నెల రోడ్డు వేడి, అప్పటికే చీలికలు పడ్డ రబ్బరు, ఇవన్నీ కలిస్తే టైరు పేలొచ్చు. ఆ స్పీడులో వెనక టైరు పేలితే బండి మన చేతిలో ఉండదు. మా ఇంటి పిల్లలు నలుగురూ ఆ రోజు వెనక సీట్లలోనే ఉన్నారు. వారం తిరక్కముందే నాలుగు టైర్లూ మార్పించాను.

ఇక పంపు సంగతి. మీటర్ బాగుంది, టైర్ల షాపులో పెద్ద మీటర్‌తో పోల్చి చూస్తే ఒక్క పీఎస్‌ఐ తేడా వచ్చింది. మనం పెట్టిన అంకె రాగానే దానంతట అదే ఆగిపోతుంది. 28 నుంచి 33కి తేవడానికి నాకు రెండు నిమిషాల పైన పడుతోంది. శబ్దం ఎక్కువ, తెల్లవారుజామున అపార్ట్‌మెంట్‌లో వాడాలంటే మొహమాటంగా ఉంటుంది. వరుసగా నాలుగు టైర్లకూ కొడితే గొట్టం వాల్వు దగ్గర చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పట్టుకునే ముందు గుడ్డ వేసుకోండి. గొట్టం మర తిప్పి తీసేటప్పుడు కాస్త గాలి పోతుంది, అందుకే నేను ఒక పాయింటు ఎక్కువే పెడతాను.

పెద్ద లోపం కేబుల్. మూడు మీటర్లని రాశారు. చిన్న కారుకైతే చాలేమో, మా బండిలో వెనక టైరు దాకా రాదు, కిటికీలోంచి లాగి పంపును గాల్లో పట్టుకోవాలి. నాలుగో నెలలో ఒకరోజు అసలు ఆన్ కాలేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే తప్పుగా వాడారు, వారంటీ రాదు అన్నారు. ప్లగ్ కొనను మర తిప్పితే లోపల చిన్న గాజు ఫ్యూజు, అది పోయింది. ఎలక్ట్రికల్ షాపులో ఇరవై రూపాయలకు దొరికింది. అంతదానికి వాళ్లు అలా మాట్లాడినందుకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

పంపు ఉంది కదా అని హైవే అంచున కూర్చుని గాలి కొట్టకండి, ముఖ్యంగా రాత్రి, అందులోనూ ట్రాఫిక్ వైపు ఉండే కుడి టైరుకు. ఈ రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీలు ఎన్నో చూశాను, ఆగిన బండి వెనకవాడికి ఎంత ఆలస్యంగా కనిపిస్తుందో నాకు తెలుసు. నెమ్మదిగా బంకు లోపలికో టోల్‌గేట్ దాటి వెడల్పున్న చోటికో చేర్చండి. కదల్లేకపోతే అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టి, హెచ్చరిక ట్రయాంగిల్ బండి వెనక దూరంగా పెట్టి, 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల మీద అది 24 గంటలూ పనిచేసే సహాయ నంబరు.

స్టెప్నీ కూడా చూడండి. మాది మొదటిసారి చూస్తే 14 ఉంది.

మళ్లీ కొంటే ఇలాంటిదే కొంటాను, కాకపోతే కేబుల్ నాలుగు మీటర్లకు తగ్గకూడదు, ప్లగ్‌లో మార్చుకునే ఫ్యూజు ఉండాలి. మా బావమరిదికి వచ్చే నెల కొత్త బండి వస్తోంది, అతనికి ఆ రకమే చూస్తున్నాను.