లాండోర్ హిందీ బడి: అమెరికాలో పెరిగిన పిల్లలున్నవాళ్లు చదవండి

అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలకి హిందీ ఎక్కడ నేర్పించాలని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా. మా మేనకోడలు న్యూజెర్సీ పిల్ల. తెలుగు వింటే అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే. లక్నో చుట్టుపక్కల పల్లెల్లో ఆరోగ్య సర్వే పనికి ఒప్పుకుంది, ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లతో మాట్లాడాలి. అందుకని ముస్సోరీ పైన కొండమీదున్న లాండోర్ లాంగ్వేజ్ స్కూల్లో చేర్పించాం, తోడుగా నేనూ వెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉన్నా. సూటిగా చెప్తున్నా, ఇంగ్లీషు తప్ప ఇంకోటి నోట్లో తిరగనివాళ్లకి మాట్లాడే హిందీ నేర్పడంలో ఇంత మంచి చోటు నేను చూడలేదు.

బ్రిటిష్ వాళ్ల కాలంలో విదేశాల నుంచి వచ్చే మిషనరీలకి మన భాషలు నేర్పడానికి పెట్టిన బడి ఇది. క్లాసులు ఇప్పటికీ కెలాగ్ చర్చి దగ్గరే. ఆ కెలాగ్ అనే ఆయన కూడా 19వ శతాబ్దంలో హిందీ వ్యాకరణం రాసిన అమెరికన్ మిషనరీ. అంటే ఇంగ్లీషు నోటికి హిందీ ఎక్కడ అడ్డం పడుతుందో వీళ్లకి తరతరాలుగా తెలుసు, క్లాసులో కూర్చుంటే ఆ తేడా కనిపిస్తుంది.

ఒక్క ఉదాహరణ చెప్తా. ఇంగ్లీషు వాళ్లకి 'ఖ' కష్టమనుకుంటాం కదా, నిజానికి కష్టం 'క'. ఇంగ్లీషులో మాట మొదట్లో వచ్చే క, ట, ప లకి గాలి దానంతటదే తోడొస్తుంది, అందుకే మా పిల్ల 'కల్' అంటే 'ఖల్' అని వినపడేది. టీచరుగారు ఆ అమ్మాయి పెదాల ముందు పల్చటి కాగితం ముక్క పట్టుకుని, 'ఖానా' అన్నప్పుడు అది ఊగాలి, 'కల్' అన్నప్పుడు కదలకూడదు అని చెప్పి, కదలకుండా ఉండేదాకా అనిపించారు. అంతకుముందు తను ఫోన్లో ఏదో యాప్‌తో బోలెడు వాక్యాలు బట్టీపట్టింది గానీ, ఈ సంగతి చెప్పినవాళ్లే లేరు.

హిందీ మాటల్లో ఆడ, మగ గొడవ కూడా అంతే. సూత్రాలు ముందేసుకోకుండా 'ఠండీ చాయ్, ఠండా పానీ' అంటూ ఎదురుగా ఉన్న ప్రతి వస్తువుకీ ఏదో ఒక మాట తగిలించి చెప్పిస్తారు, దాంతో ఏ వస్తువు ఏ లింగమో వేరే గుర్తుపెట్టుకోవాల్సిన పనుండదు. మేం ఒక్కరికే చెప్పే క్లాసు తీసుకున్నాం, గుంపుగా చెప్పేవీ ఉన్నాయి. పీరియడ్ మారితే టీచరూ మారతారు, రకరకాల గొంతులకి చెవి అలవాటు పడుతుంది. దేవనాగరి కూడా మొదట్నుంచే నేర్పుతారు.

ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లిదండ్రులకి ఒక మాట. అక్కడ చదువుకునే ఇంగ్లీషు కుర్రాళ్లు చలేస్తోందని చెప్పడానికి 'నేను చల్లగా ఉన్నాను' అన్నట్టు చెప్తుంటే, మా పిల్ల 'ముఝే ఠండ్ లగ్ రహీ హై' అని గబుక్కున అనేసింది. చిన్నప్పట్నుంచీ 'నాకు చలేస్తోంది' అనే మాట చెవిన పడింది కదా. పిల్లలు తిరిగి తెలుగులో జవాబివ్వకపోయినా సరే, మీరు తెలుగులో మాట్లాడటం మాత్రం మానకండి.

క్లాసయ్యాక చార్ దుకాన్ అనే చిన్న కొట్ల వరస దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లం. ఢిల్లీలోనైతే యాస వినగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి దిగిపోయారు. ఇక్కడ మేం టీ తాగే కొట్టాయన మాత్రం, ఈ పిల్ల 'చీనీ థోడీ కమ్' అని మొత్తం చెప్పేదాకా ఓపిగ్గా నిలబడేవాడు. అది కూడా చదువే అని నా అభిప్రాయం.

ఇబ్బందులూ ఉన్నాయి. రోడ్లన్నీ నిట్టనిలువు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తోడు పంపొద్దు. వానాకాలం పొగమంచుకి బట్టలు ఆరవు. మేం దిగిన చోట పొద్దున్నే వేడినీళ్లు రాక రోజూ గొడవే, కాబట్టి గది చూసుకున్నాకే డబ్బు కట్టండి. చలికాలంలో బడికి సెలవులుంటాయి, ఏ తారీకుల్లోనో ముందే రాసి కనుక్కోండి.

ఇంకోటి, ఇక్కడ నేర్పేది శుభ్రమైన, నిదానమైన హిందీ. మన హైదరాబాదీ 'నక్కో', 'హౌ' ఇక్కడ వినపడవు, అది సరే. కానీ లక్నో దాటి పల్లెల్లోకి వెళ్తే ముసలమ్మలు మాట్లాడేది అవధీ, అంటే ఆ ప్రాంతం భాష. మా పిల్లకి మొదట్లో సగం అర్థం కాలేదు, అయినా 'జరా ధీరే బోలియే' అని ధైర్యంగా అడగగలిగింది, అడిగితే వాళ్లూ మళ్లీ చెప్పారు. అక్కడి పనికి వెళ్లేవాళ్లు మాత్రం లాండోర్‌తో సరిపెట్టుకోకుండా, పని మొదలుపెట్టే ముందు ఆ ఊళ్లోనే కొన్ని వారాలు ఉండేలా ప్లాన్ చేసుకోండి.