రాత్రి ఫ్లయింగ్‌కి హెడ్ లైటు కొంటున్నారా? ముందు బటన్ చూడండి

650 రూపాయలకి ఇంత వెలుగిచ్చే హెడ్ లైటు దొరకడం కష్టమే. కానీ విమానంలోకి మాత్రం దీన్ని తీసుకెళ్ళొద్దు. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, మన వైపు నుంచి ఫ్లయింగ్ నేర్చుకోడానికి వెళ్ళిన పిల్లలకి పనికొస్తుందని.

మాది నెల్లూరు. వేరే రాష్ట్రంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం ట్రైనింగ్‌లో ఉన్నాను. ఆ లైసెన్సుకి మొత్తం 200 గంటలు నడపాలి, అందులో 5 గంటలు రాత్రి పూట. ఆ రాత్రుల్లో మనమే పైలట్‌గా 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు చెయ్యాలి. మన దేశంలో బయట కళ్ళతో చూసుకుంటూ నడిపే విఎఫ్ఆర్ ఫ్లయింగ్‌కి సూర్యుడు అస్తమించిన 20 నిమిషాల తర్వాత మామూలుగా అనుమతి ఉండదు. ఏటీసీ, అంటే విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోల్ వాళ్ళు, ఒప్పుకున్న లోకల్ ఫ్లయిట్లకి, ఫ్లయింగ్ క్లబ్బుల ట్రైనింగ్‌కి మాత్రమే మినహాయింపు. అందుకని చీకట్లో నడిపే అలవాటు మనకి దొరికేదే తక్కువ, ఆ కొద్ది గంటల్లో సామాను సరిగ్గా లేకపోతే నేర్చుకునేది ఇంకా తగ్గిపోతుంది.

పోయిన సెలవులకి వచ్చినప్పుడు ట్రంకు రోడ్డులో ఒక షాపులో కొన్నాను దీన్ని. రొయ్యల గుంటల వాళ్ళు రాత్రిళ్ళు మేత ట్రేలు ఎత్తి చూసుకోడానికి తలకి కట్టుకునే రకం. మూడు రిమోట్ సెల్లు పడతాయి, బరువు లేదు, పట్టీ గట్టిది, పైగా ఎర్ర లైటు కూడా ఉంది. ఆ ఎర్ర లైటు చూసే తీసుకున్నాను. షాపులో ట్యూబ్‌లైట్ల కింద నొక్కి చూశాను, అన్ని రంగులూ వెలిగాయి, డబ్బులిచ్చి వచ్చేశాను. అక్కడే పొరపాటు చేశాను.

దీనికి ఒకటే బటన్. మొదటిసారి నొక్కితే ఫుల్ తెలుపు, రెండోసారి సగం తెలుపు, మూడోసారి టపటపా కొట్టుకునే లైటు, నాలుగోసారికి గానీ ఎరుపు రాదు. అంటే ఎర్ర లైటు కావాలంటే ముందు ఆ తెలుపు మొహాన కొట్టించుకోవాల్సిందే.

కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు 30 నిమిషాలు పడుతుంది. పోగొట్టుకోడానికి ఒక్క క్షణం చాలు. చీకట్లో చూపునిచ్చే కణాలకి ముదురు ఎరుపు దాదాపు కనపడదు, అందుకే ఎర్ర లైటులో చదువుకున్నా ఆ అలవాటు పెద్దగా చెడదు. ఇదంతా గ్రౌండ్ క్లాసులో రాసుకున్నదే. అర్థమైంది మాత్రం ఒక రాత్రి సర్క్యూట్లు, అంటే రన్‌వే చుట్టూ తిరిగి మళ్ళీ దిగే రౌండ్లు, కొడుతున్నప్పుడు. డౌన్‌విండ్‌లో, అంటే దిగే దిశకి ఎదురుగా రన్‌వే పక్క నుంచి వెళ్తూ ఉండగా, పెన్సిల్ జారి కాళ్ళ దగ్గర పడింది. ఎర్ర లైటు వేద్దామని బటన్ నొక్కాను. తెల్లటి వెలుగు ముందు అద్దం మీద కొట్టి తిరిగి నా మొహం మీదికే వచ్చింది. కంగారులో మళ్ళీ నొక్కితే సగం తెలుపు, మళ్ళీ నొక్కితే టపటపలు. చివరికి ఎరుపు వచ్చేసరికి ఎడమ పక్క అప్పటిదాకా స్పష్టంగా ఉన్న రన్‌వే లైట్లు మసకబారి, వాటి చుట్టూ ఉన్నదంతా ఒకటే నలుపు. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ తిట్టలేదు, కంట్రోల్స్ నాకివ్వు అని తీసుకున్నారు. నేను ఒక్కణ్ణే ఉన్న రోజు ఇలా జరిగుంటే అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంత టెన్షన్ అంటే, రాత్రి ఫైనల్ మీద, అంటే దిగడానికి రన్‌వేకి నేరుగా వస్తున్నప్పుడు, మన కళ్ళు మామూలుగానే మోసం చేస్తాయి. రన్‌వేకి ముందంతా నీళ్ళో, దీపాల్లేని పొలాలో ఉంటే ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నామనిపిస్తుంది, తెలీకుండానే కిందికి దింపేస్తాం. బ్లాక్ హోల్ అని దీన్నే అంటారు. రన్‌వే పక్కనే, సరైన ఎత్తులో వస్తున్నామో లేదో చూపించే పాపి లైట్లు నాలుగు ఉంటాయి, రెండు తెలుపు రెండు ఎరుపు ఉంటే సరైన దారిలో ఉన్నట్టు, ఎరుపులు పెరిగితే కిందికి పోతున్నట్టు. ఇక దూరాన లైట్లూ చుక్కలూ కలిసిపోతే నేల ఎక్కడుందో ఆకాశం ఎక్కడుందో చెవిలోని బ్యాలెన్స్ కూడా తప్పే చెప్తుంది. 1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ నడుపుతున్న చిన్న పైపర్ విమానం అమెరికాలో మార్తాస్ వైన్‌యార్డ్ దగ్గర సముద్రంలో పడి అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. చీకట్లో నీళ్ళ మీదుగా ఎత్తు తగ్గించుకుంటూ దిక్కూ వాలూ తెలియక అదుపు తప్పాడని దర్యాప్తులో తేల్చారు. అలాంటప్పుడు మీటర్లని నమ్మి నడపాలి, మీటర్లని చూడాలంటే కళ్ళు సరిగ్గా ఉండాలి.

ఈసారి ఇంటికొచ్చాక ఈ లైటుని తీరిగ్గా చూద్దామని మైపాడు వైపు మా మామ రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళాను. ఫోన్ జేబులో పెట్టి, గట్టు మీద ఏరియేటర్ల (గుంటల్లో నీళ్ళు చిలికే మిషన్ల) లైట్లకి వీపు పెట్టి అరగంట కూర్చున్నా. "ఏంది అబ్బయ్యా, అట్ట చీకట్లో కూర్చున్నావు, దోమలు పీక్కుతింటాయి" అన్నాడు మామ. కూర్చోగా కూర్చోగా తూర్పున సముద్రంలో పడవల దీపాలు కనపడ్డాయి, వాటికి పైన చుక్కలు, రెండిటి మధ్య గీత ఎక్కడుందో నేల మీద కూర్చునీ చెప్పలేకపోయాను. బాగా చిన్న దీపాన్ని సూటిగా చూస్తే మాయమవుతోంది, కాస్త పక్కకి చూస్తే మళ్ళీ కనపడుతోంది. దూరంగా ఒంటరిగా ఉన్న బల్బుని అలాగే చూస్తూ ఉంటే కాసేపటికి అది మెల్లగా పక్కకి కదులుతున్నట్టనిపించింది, పాకకి కట్టిన బల్బు ఎక్కడికి కదులుతుంది! క్లాసులో విన్నవన్నీ మా మామ గట్టు మీదే కనపడ్డాయి. అప్పుడు ఈ లైటు బటన్ నొక్కాను. తెలుపు వచ్చింది. పడవలన్నీ పోయాయి, అవి మళ్ళీ ఒక్కొక్కటిగా కనపడేదాకా చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

అక్కడే ఇంకోటి కూడా తెలిసింది. మ్యాపు మీద నా రూటుని ఎర్ర పెన్నుతో గీసుకున్నాను. ఎర్ర లైటులో చూస్తే ఆ గీతే లేదు, తెల్ల కాగితంలో కలిసిపోయింది. ఇది లైటు తప్పు కాదు, ఏ ఎర్ర లైటయినా అంతే. మ్యాపులో అచ్చయిన ఎర్ర రంగులకీ ఇదే గతి. అందుకే చాలామంది బాగా తగ్గించిన తెల్ల లైటే మేలంటారు. నేను మాత్రం గీతల్ని నల్ల స్కెచ్ పెన్నుతో దిద్దుకున్నాను.

మర్నాడు అదే షాపుకి వెళ్ళాను. ఎర్ర లైటుకి వేరే బటన్ ఉన్నది కావాలని అడిగితే ఆయన "ఇట్టా ఎవురూ అడగరు సార్" అంటూనే నాలుగు రకాలు తీసి, వెనక గోడౌన్‌లో లైట్లార్పి నన్ను నొక్కి చూసుకోమన్నాడు. ఈ ఓపికకి షాపుకి పూర్తి మార్కులు. 1,150 పెట్టి ఒకటి తీసుకున్నా. కుడివైపు బటన్ నొక్కితే నేరుగా ఎరుపే వస్తుంది, పట్టుకుని ఉంచితే తగ్గుతూ వస్తుంది. తెలుపు కూడా బాగా కిందిదాకా తగ్గుతుంది. బాగోలేనిది ఏంటంటే సెల్లు మార్చుకునేది కాదు, ఛార్జింగే, పైన ఉన్నప్పుడు అయిపోతే చేసేదేమీ లేదు. పట్టీ కూడా హెడ్‌సెట్ మీద జారుతోంది. అందుకే సెల్లతో నడిచే చిన్న టార్చి ఒకటి, మీదికి ఎర్ర కాగితం అంటించి, జేబులో పెట్టుకుంటున్నా. రెండు లైట్లు లేకుండా రాత్రి విమానం ఎక్కను.

మీరు కొనేటప్పుడు కూడా షాపులో ఏదో ఒక మూల లైట్లార్పించి, కళ్ళు మూసుకుని బటన్ వెతికి నొక్కి చూడండి, మొదట ఏ రంగు వస్తుందో అదే చూసుకోండి. ఎన్ని ల్యూమెన్లని (వెలుగు కొలత) డబ్బా మీద ఎంత పెద్దగా రాసినా పట్టించుకోవద్దు.

పాతది మామకిచ్చేశాను. రాత్రి రెండింటికి ట్రే ఎత్తి చూస్తే రొయ్య తోక మీద మచ్చ కూడా కనపడుతోందని నిన్న ఫోన్లో చెప్పాడు.